వేలిముద్ర నుంచి ‘ఐ అగ్రీ’ దాకా



పోయిన భాగం స్కాలర్‌షిప్పుల బకాయిల మీద రాశాను. తరువాతిది భూమి మీద అని మాటిచ్చాను. అది రాస్తాను, మర్చిపోలేదు. కానీ మధ్యలో హాస్టల్ పిల్లాడు ఒకడు వచ్చి తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. రెండు వారాలుగా అదే బుర్రలో తిరుగుతోంది. కాబట్టి ఈసారి ఫోన్‌లో ఆడే ఆటల గురించి. నవ్వొస్తే నవ్వండి, కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి.

ముందు మా తాత గురించి చెప్పాలి. ఆయన ఒక ఆసామి దగ్గర పాలేరు. మా మేనత్త పెళ్లికి నాలుగు బస్తాల వడ్లు, కొంత డబ్బు తెచ్చి ప్రోనోటు మీద వేలిముద్ర వేశాడు. అందులో ఏం రాసుందో ఆయనకి తెలియదు. చదివి వినిపించమని అడగలేదు. అడిగితే అప్పు పుట్టదు, అప్పు పుట్టకపోతే పెళ్లి ఆగుతుంది. ఆ తరువాత ఎన్నేళ్లు చాకిరీ చేసినా ఆ కాగితం తీరలేదు. ఎప్పుడు అడిగినా ఆసామి ఇనప్పెట్టెలోంచి దాన్ని తీసి, “ఈ ముద్ర నీదేగా?” అనేవాడట. ముద్ర తాతదే. ఆ మాటలో అబద్ధం లేదు. మొత్తం మోసం అంతా ఆ నిజం మీదే నిలబడింది.

ఇక పిల్లాడి సంగతి. డిగ్రీ రెండో సంవత్సరం, సాంఘిక సంక్షేమ హాస్టల్. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. 2025 వేసవి సెలవుల్లో బెంగళూరు వెళ్లి సరుకుల డెలివరీ పని చేశాడు. రూములో కుర్రాళ్లంతా రాత్రిళ్లు రమ్మీ ఆడుతుంటే వీడూ యాప్ వేసుకున్నాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కర్ణాటకలో అప్పటికి నడుస్తోంది. అందుకని యాప్ ముందు లొకేషన్ అడిగింది, ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలుసుకోవాలిగా. ఇచ్చాడు. కాంటాక్టులు అడిగింది, స్నేహితులని పిలిస్తే బోనస్ అంది. ఇచ్చాడు. గెలిచిన మూడొందలు బయటికి తీయాలంటే పాన్ కార్డు, ఆధార్ ఫొటో, సెల్ఫీ, బ్యాంకు ఖాతా అడిగింది. అన్నీ ఇచ్చాడు. ఆ బ్యాంకు ఖాతా ఏదో తెలుసా? స్కాలర్‌షిప్ పడే ఖాతా. వాడికున్నది అదొక్కటే.

పోయింది ఆరు వేల చిల్లర. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి డబ్బు ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. యాప్‌లో ఆట ఆగింది, వీడు యాప్ తీసేశాడు. అక్కడితో పీడ విరగడైంది అనుకున్నాడు.

“డబ్బు పోయినందుకు రాలేదన్నా. ఫోన్లు వస్తన్నయ్,” అన్నాడు.

రోజుకి నాలుగైదు. పేరు పెట్టి పిలుస్తారు. లోన్ కావాలా అంటారు. ఒక రోజు ఫీజు కట్టాల్సొచ్చి, వీడు సరే అన్నాడు. అవతలి మనిషి అడ్రస్ అడిగితే ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు చదివాడు. డోర్ నంబరు, ఎస్సీ కాలనీ, ఊరి పేరు. అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. “ఆ ఏరియా మాకు నెగెటివ్‌లో ఉంది సార్,” అని పెట్టేశాడు.

“నేను అడగలేదన్నా లోన్. వాళ్లే చేశారు, వాళ్లే వద్దన్నారు.”

ఆ ఫోన్ నంబరు, పేరు వాళ్లకి రమ్మీ యాపే ఇచ్చిందా? నేను నిరూపించలేను. మీరూ నిరూపించలేరు. వీడు ఇంకో పది యాప్‌లకీ ఇచ్చి ఉంటాడు. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో తెలుసుకునే దారి వీడికి లేకపోవడమే ఇక్కడ అసలు సంగతి. తాతకి కనీసం ప్రోనోటు ఎవరి ఇనప్పెట్టెలో ఉందో తెలుసు.

నేను ఆ యాప్ అగ్రిమెంట్ తీసి చదివాను. రెండు సాయంత్రాలు పట్టింది, మధ్యలో లాయరు మిత్రుడికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఇంగ్లీషులో తప్ప లేదు. తరువాత పిల్లలు ఆడే వేరే ఆటలవి కూడా కొన్ని తిరగేశాను, డబ్బు పెట్టనివి, కాల్చుకునేవి, క్రికెట్‌వి. మాటలు వేరు, వరస ఒకటే. నీ ఫోన్ గుర్తింపు సంఖ్య, ఐపీ అడ్రస్, లొకేషన్, నువ్వు ఎంతసేపు ఆడతావు, ఎక్కడ ఆపుతావు, ఎక్కడ డబ్బు పెడతావు, చాట్‌లో ఏం రాస్తావు, ఇవి మేం తీసుకుంటాం. మా అనుబంధ సంస్థలకి, మా భాగస్వాములకి, ప్రకటనల వాళ్లకి పంచుకోవచ్చు. ఈ షరతులు మేం ఎప్పుడైనా మార్చొచ్చు, మార్చాక కూడా నువ్వు ఆడుతున్నావంటే ఒప్పుకున్నట్టే. ‘భాగస్వాములు’ ఎవరు అని వెతికితే పేర్లు ఉండవు. చాలా ఆటల్లో ఒప్పుకోకుండా ముందుకు పోయే బటన్ ఉండదు. ఒప్పుకో, లేదా పో. తాతకి ఆసామి ఇచ్చిన అవకాశం కూడా అదేగా.

“ఇదంతా అందరికీ ఉన్నదేగా, ఇందులో మన ప్రత్యేకత ఏంటి?” అని ఒక కామ్రేడ్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్తాను.

గేమ్ యాప్ ఏదీ నీ కులం అడగదు. ఆ గడి అందులో ఉండదు. కానీ ఆధార్‌లో అడ్రస్ ఉంటుంది. మన అడ్రస్‌లు ఎట్లా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు: ఎస్సీ కాలనీ, హరిజనవాడ, అరుంధతి నగర్, అంబేద్కర్ నగర్. ఊరు మనల్ని వాడలో పెట్టింది, ప్రభుత్వం ఆ వాడకి పేరు పెట్టి కార్డు మీద అచ్చేసింది. కాంటాక్టుల్లో ‘ఎస్సీ హాస్టల్ వార్డెన్ సార్’ అని సేవ్ చేసి ఉంటుంది. లొకేషన్ చూస్తే ఫోన్ రోజూ రాత్రి సంక్షేమ హాస్టల్లో పడుకుంటుంది. సెలవు రోజు వాడలో ఉంటుంది. ఖాతా వివరాలు చూస్తే ఏడాదికి ఒకటి రెండు సార్లు స్కాలర్‌షిప్ పడుతుంది. పాన్ మీద తండ్రి పేరు ఉంటుంది. ఇవన్నీ ఒకచోట పోగేస్తే కులం గడి దానంతటదే నిండుతుంది. రెడ్డి గారబ్బాయికీ డేటా పోతుంది, కాదనను. పోయిన డేటాలో ఆయన ఇంటిపేరు బయటపడితే ఆయనకి వచ్చే నష్టం ఏంటి? లోన్ ఏజెంటు ‘నెగెటివ్’ అంటాడా? అద్దె ఇల్లు దొరకదా? మనకి దాచుకోవడం ఒక సౌఖ్యం కాదు. పట్నంలో గది దొరికే దాకా, ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు గడిచే దాకా ఎంతమంది మన పిల్లలు ఊరి పేరు చెప్పి వాడ పేరు మింగుతున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది సిగ్గుపడటం అని తిట్టేవాళ్లున్నారు. నేను తిట్టను. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఆ పిల్లాడు నిర్ణయించుకోవాలి. యాప్ కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. దానికి 70 ఏళ్ల ముందు, 1947లో బాబాసాహెబ్ రాజ్యాంగ సభకి పంపడానికి రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో, మనిషి ఒంటిని, ఇంటిని, కాగితాలని ఇష్టమొచ్చినట్టు సోదా చెయ్యకుండా రక్షించే హక్కు ఉండాలని పెట్టాడు. అది రాజ్యాంగంలోకి రాలేదు. ఇల్లు, కాగితాలు రెండూ పెద్దగా లేని జనం తరఫున రాస్తూ కూడా ఆయన దాన్ని ఎందుకు పెట్టాడో ఆలోచించండి. ప్రైవసీ అంటే ఏసీ గదుల సమస్య అనే మన కామ్రేడ్‌లు ముఖ్యంగా ఆలోచించాలి.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే ఇక్కడే మన జేబు కొట్టేశారు.

జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో డేటా రక్షణ బిల్లు ముసాయిదా ఇచ్చింది. అందులో ‘సున్నితమైన వ్యక్తిగత సమాచారం’ అని ఒక జాబితా ఉంది. ఆరోగ్యం, వేలిముద్రలు, మతం, రాజకీయ నమ్మకాలతో పాటు ‘కులం లేదా తెగ’ అని స్పష్టంగా రాశారు. 2019 డిసెంబరులో ప్రభుత్వం లోక్‌సభలో పెట్టిన బిల్లులోనూ ఆ మాట ఉంది. ఆ జాబితాలో ఉన్న సమాచారం వాడాలంటే మామూలు సమ్మతి చాలదు, విడిగా, స్పష్టంగా అడగాలి. 2022 ఆగస్టులో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో ఆ జాబితానే లేదు. కులం ఒక్కటే తీసేశారని కాదు, సున్నితమైన సమాచారం అనే వర్గాన్నే మొత్తం ఎత్తేశారు. నీ కులమూ, నీకు ఇష్టమైన క్రికెట్ జట్టూ ఆ చట్టం ముందు సమానం. యూరప్ చట్టంలో జాతి మూలం, కార్మిక సంఘం సభ్యత్వం కూడా ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారం. మన దగ్గర కులానికి ఆ రక్షణ రాసిపెట్టి, చెరిపేశారు. పార్లమెంటులో ఎస్సీలకి రిజర్వ్ చేసిన లోక్‌సభ సీట్లు 84 ఉన్నాయి. ఆ చెరిపివేత మీద ఎంత గొడవ జరగాలో అంత గొడవ జరగలేదు. బయట ఉన్న మనమూ చెయ్యలేదు, నాతో సహా.

ఇంకో తమాషా చూడండి. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి, నోటీసు, డేటా తుడిపించుకునే హక్కు, కంపెనీలకి జరిమానా, ఇవన్నీ 18 నెలల తరువాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. కానీ అదే చట్టంలో సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని సవరించే సెక్షన్ ఒకటుంది. వ్యక్తిగత సమాచారం అని చెప్పి అధికారులు వివరాలు దాచడానికి దారి తెరిచే సవరణ. అది మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. సబ్‌ప్లాన్ నిధులు ఎవరికి పోయాయి, హాస్టల్ బియ్యం బిల్లు ఎవరు సంతకం పెట్టారు అని అడిగే మన ఆర్టీఐ మిత్రులకి ఈపాటికి ఆ జవాబు అంది ఉంటుంది. మన వివరాలు కంపెనీలకి తెరిచి ఉంటాయి, వాళ్ల వివరాలు మనకి మూసుకుపోతాయి.

నష్టపరిహారం సంగతీ ఇంతే. కంపెనీ నిర్లక్ష్యం వల్ల నీ సమాచారం బయటపడి నష్టపోతే పరిహారం అడగడానికి ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ ఉంది. 2027 మేలో అది పోతుంది. కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు, వినడానికి బాగుంటుంది. ఆ డబ్బు కేంద్ర ప్రభుత్వ ఖజానాకి పోతుంది. నష్టపోయిన పిల్లాడికి పైసా రాదు. పైగా తప్పుడు ఫిర్యాదు చేశావని తేలితే వాడికే 10,000 దాకా జరిమానా. అమెరికాలో 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 27.5 కోట్లు పిల్లల సమాచారం తల్లిదండ్రులకి చెప్పకుండా తీసుకున్నందుకు జరిమానా. మిగతా 24.5 కోట్లు బటన్లతో మాయచేసి డబ్బు లాగినందుకు, ఆటగాళ్లకి తిరిగి ఇవ్వడానికి. అమెరికా ధర్మరాజ్యం అని చెప్పడం లేదు. డబ్బు ఆడినవాళ్లకి తిరిగి చేరే దారి పెట్టడం సాధ్యమే అని చెప్తున్నాను.

పిల్లల విషయంలో కొత్త చట్టం మంచి మాటే చెప్పింది. 18 ఏళ్ల లోపు వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, అది నిజంగా వాళ్లిచ్చిందే అని రుజువు ఉండాలి. పిల్లల మీద నిఘా పెట్టి ప్రకటనలు వేయకూడదు. బాగుంది. మన వాడలో ఇది ఎట్లా జరుగుతుందో ఊహించండి. సాయంత్రం కూలి నుంచి వచ్చిన అమ్మ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు, “అమ్మా, ఆ నంబరు చెప్పు, స్కూల్‌ది,” అంటాడు. చెప్తుంది. అయిపోయింది, రుజువున్న సమ్మతి. ఇప్పుడు పిల్లాడి వివరాలతో పాటు అమ్మవీ కంపెనీ దగ్గరికి చేరాయి. మూడు తరాలు దాటినా ముద్ర మనదే, చదివేవాడు వేరే.

ఇక గొంతు సంగతి. ఆటల్లో వాయిస్ చాట్ ఉంటుంది. అందులో మనోళ్లని ఏమని తిడతారో హాస్టల్ పిల్లలని అడగండి. ఓడిపోతే చాలు, కులం పేరే తిట్టు. వాలరెంట్ ఆట తయారుచేసే రయట్ గేమ్స్ 2021లో తన ప్రైవసీ నోటీసు మార్చింది. దూషణల మీద ఫిర్యాదు వస్తే చూడటానికి వాయిస్ రికార్డు చేస్తాం అంది. 2022లో ఉత్తర అమెరికాలో, ఇంగ్లీషు మాటలతో మొదలుపెట్టింది. ఇక్కడ నాకు రెండు మనసులు ఉన్నాయి, దాచను. రికార్డు ఉంటే కులదూషణకి సాక్ష్యం ఉంటుంది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలో చేసిన దూషణ కూడా అట్రాసిటీ చట్టం కిందికి వస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. సాక్ష్యం దొరకడమే మనకి కష్టం. కానీ ఆ రికార్డు మన చేతిలో ఉండదు, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. మన గొంతు, మన యాస తీసుకున్నప్పుడు మన భాషలో తిట్టిన తిట్టు వినే ఏర్పాటు ఉందా, మన పోలీసు అడిగితే ఆ రికార్డు ఇస్తారా, అని అగ్రిమెంట్‌లో వెతికితే నాకు కనపడలేదు. గొంతు తీసుకునే హక్కు రాసిపెట్టుకున్నవాళ్లు, సాక్ష్యం ఇచ్చే బాధ్యత కూడా రాయాలని మనం అడగాలి.

“ఆటలు మానేస్తే పోలా?” అని ఒక పెద్దాయన అన్నారు. వద్దు సార్. పొద్దున కాలేజీ, సాయంత్రం క్యాటరింగ్ పని, రాత్రి పదిమంది ఒక గదిలో. ఆ పిల్లాడికి గంటసేపు ఊరందరితో సమానంగా నిలబడి గెలిచే చోటు ఆ ఆటే కావచ్చు. ఆడిన నేరానికి వాడి అడ్రస్ పోవాలా? నీతులు చెప్పేది వాడికి కాదు.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, కులం, తెగ మళ్లీ చట్టంలో సున్నితమైన సమాచారంగా రావాలి. దళిత సంఘాల డిమాండ్ల పత్రంలో ఇది ఒక లైనుగానైనా ఎక్కాలి. ఇప్పటిదాకా నేను చూసిన పత్రాల్లో లేదు. రెండోది భాష. కొత్త చట్టం ప్రకారం నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు అందులో ఉంది. 2027 మే దాకా ఆగక్కర్లేదు, ఇప్పటి నుంచే తెలుగులో ఇమ్మని ఉత్తరాలు రాయాలి. అది కోర్టు తెలుగులో ఉంటే మళ్లీ లాయరే కావాలి, కాబట్టి మనకి అర్థమయ్యే తెలుగులో.

మూడోది, మూతపడిన డబ్బు ఆటల దగ్గర మిగిలిపోయిన కాగితాలు. దేశమంతా కోట్లమంది పాన్, ఆధార్, సెల్ఫీలు ఇచ్చారు. ఆట ఆగింది, పెట్టె మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. 50 లక్షలకి మించి యూజర్లున్న గేమింగ్ కంపెనీలు, యూజర్ మూడేళ్లపాటు ఆ వైపు రాకపోతే డేటా తుడిచెయ్యాలని కొత్త నియమాల్లో ఉంది. తుడిచే 48 గంటల ముందు చెప్పాలట. మూడేళ్లు! ఈలోపు కంపెనీ పేరు మారుతుంది, అమ్ముడుపోతుంది, మూతపడుతుంది. యాప్ తీసేస్తే డేటా పోదు, ఇది ప్రతి హాస్టల్లో చెప్పండి.

ఇవాళ చేతిలో ఉన్న ఆయుధం చిన్నదే. 2011 నాటి ఐటీ నియమాల ప్రకారం, ఇచ్చిన సమ్మతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. ప్రతి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో పెట్టాలి, నెల లోపు జవాబివ్వాలి. పన్ను లెక్కల కోసం ఉంచాలి అంటారు. ఏ కాగితం, ఏ చట్టం కింద, ఎన్నాళ్లు అని తిరిగి అడగండి.

ఆ పిల్లాడూ నేనూ కూర్చుని ఉత్తరం రాశాం. తెలుగులోనే రాశాం, వాడే పట్టుబట్టాడు. “నా ఆధార్ ఫొటో, నా సెల్ఫీ, నా కాంటాక్టులు తీసెయ్యండి. ఎవరెవరికి ఇచ్చారో పేర్లు చెప్పండి.” కింద సంతకం పెట్టి, ఊరి పేరు రాసి, ఒక్క క్షణం ఆగాడు. తరువాత కాలనీ పేరు కూడా పూర్తిగా రాశాడు. ఉత్తరం పంపి తొమ్మిది రోజులైంది. “మీ అభ్యర్థన అందింది” అని ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది, అది మనిషి రాసింది కాదు. నెల గడవడానికి ఇంకా మూడు వారాలుంది. జవాబు వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తాను. ఆ ఉత్తరం నమూనా కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, పంపుతాను. భూమి మీద భాగం ఆ తరువాత.